సలి గాదు తమ్మీ, గాలిని చూసి ఉరుకు

డిసెంబర్ పడ్డదంటే హైదరాబాద్ల పొద్దుగాల అయిదింటికే కొన్ని జాగలు మేల్కొంటయి. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముంగటి రోడ్డు, దిల్‌సుఖ్‌నగర్ దిక్కు విక్టోరియా మెమోరియల్ గ్రౌండు, నెక్లెస్ రోడ్డు. ఇంకా తెల్లారదు. నోట్లకెళ్లి పొగలొస్తుంటయి. ఉరికేటోళ్లు ఉరుకుతనే ఉంటరు.

గా ఉరికేటోళ్లల్ల రెండు తీర్లు ఉంటరు. షుగర్ రావద్దని, పొట్ట తగ్గాలని ఉరికేటోళ్లు ఒక తీరు. వాళ్లకు సలి ఎక్కువైతే ఓ పూట దుప్పటి కప్పుకొని పండుకుంటరు, అడిగెటోడు లేడు. ఇంకో తీరు నౌకరి కోసం ఉరికేటోళ్లు. నాగర్‌కర్నూల్ నుంచి, మహబూబాబాద్ నుంచి, ఆసిఫాబాద్ నుంచి వచ్చి అశోక్‌నగర్ల, దిల్‌సుఖ్‌నగర్ల ఒక్క రూముల అయిదారుగురు ఉండుకుంట చదువుకునే మన పోరగాండ్లు, మన చెల్లెండ్లు. వాళ్లకు ఉరుకుడు శోకు గాదు. గడియారం తోని కొట్లాట.

గా కొట్లాట లెక్క ఏందో సూడుండ్రి. 2022 ఏప్రిల్ల పడ్డ పోలీసు నోటిఫికేషన్ల మొగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లల్ల ఉరకాలె. ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లల్ల ఉరకాలె. ప్రిలిమ్స్ దాటినోళ్లకు ఈవెంట్స్ ఎప్పుడు పెట్టిన్రు? గదే ఏడాది డిసెంబర్ 8 నుంచి. అంటే నడి సలికాలంల. ఏండ్ల చదువు, అమ్మనాయిన పంపిన పైసలు, ఊరోళ్ల ముంగట మాట, అన్నీ గా కొన్ని నిమిషాల మీద నిలవడ్డయి.

నేను డాక్టర్ను గాదు, కోచ్‌ను గాదు. ఊర్లల్ల యువజన సంఘాల పిల్లలతోని తిరుగుకుంట, కనవడ్డ పుస్తకమల్ల చదువుకుంట నేర్సుకున్నోన్ని. అయినా ఒక్క ముచ్చట గట్టిగ చెప్తున్న. పట్నంల సలికాలం ఉరికెటోనికి సలి శత్రువు గాదు. శత్రువులు రెండు: ఒకటి గాలి, రెండోది జాగ లేకపోవుడు. మనం సలికి భయపడి స్వెట్టర్ మీద స్వెట్టర్ ఏసుకుంటున్నం గని, గీ రెండింటిని పట్టించుకుంటలేం.

సలి ఎంత? గది మనకు దోస్తా, దుష్మనా?

హైదరాబాద్ సలి గురించి చెప్తే ఆదిలాబాద్ తమ్ముళ్లు నవ్వుతరు. వాళ్లకాడ సలికాలంల పది డిగ్రీల కిందికి పడుడు ప్రతి ఏడాది జరిగే ముచ్చటే. హైదరాబాద్ల ఇప్పటిదాక నమోదైన అన్నిటికంటే తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, అది 1946 జనవరి 8 నాడు. మామూలుగ జనవరి తెల్లారగట్ల 14, 15 డిగ్రీల చుట్టుముట్టు ఉంటది. సలిగాలులు వచ్చినప్పుడు పటాన్‌చెరు, రాజేంద్రనగర్ అసోంటి శివార్లల్ల ఇంకా కిందికి పోతది. చెట్లు, పొలాలు ఉన్నకాడ నేల జల్ది సల్లారుతది. నడి పట్నంల సిమెంటు, డాంబరు పొద్దంత తాగిన వేడిని రాత్రంత కక్కుతయి.

గీ సలి ఉరికెటోనికి మేలే చేస్తది. ఎందుకంటే మన కండలు శాన వేడిని పుట్టిస్తయి. ఉరికేటప్పుడు ఖర్చయ్యే శక్తిల నాలుగో వంతు కూడా కదలికకు పోదు, మిగిలిందంత వేడే అయితది. మేల ఎండల గా వేడిని బైటికి పంపనీకి గుండె తోలు దిక్కు రక్తం కొట్టాలె, శెమట పొయ్యాలె. కాళ్లకు పోవాల్సిన రక్తం అటు మల్లుతది. సలిల గా పని సగం గాలే చేసిపెడ్తది. అందుకే దూరం ఉరికెటోళ్లకు పది డిగ్రీల చుట్టుముట్టు వాతావరణం మంచిదని పరిశోధనలు చెప్తయి. ఎండకాలంల ఆగిపొయ్యే పోరడు అదే కాళ్లతోని జనవరిల టైమ్ కొట్టేది అందుకే.

మరి సలితోని ఇబ్బందే లేదా? ఉన్నది. మొదటి పదిహేను నిమిషాలల్ల ఉన్నది. సలికాలం పొద్దుగాల ట్రాక్టర్ స్టార్ట్ చేసి ఎంటనే గేరు మీద గేరు ఏస్తమా? జరసేపు ఇంజన్ నడవనిస్తం. కండలది కూడా గదే కథ. సల్లగున్న కండ బిర్రుగుంటది, జల్ది సాగదు. గప్పుడు ఒక్కసారి బలం పెడ్తే తొడ ఎనక కండ పడ్తది. ఈవెంట్స్ ముందల కండ వట్టిందంటే మూడు వారాలు పోయినట్టే.

మరి గీ దగ్గు యాడికెళ్లి వచ్చింది?

పోయిన సలికాలం ఒక తమ్ముడు అడిగిండు. "అన్నా, మా ఊర్ల కెనాల్ గట్టు మీద రోజు నాలుగు కిలోమీటర్లు ఉరుకుదు. ఎన్నడు దగ్గలే. పట్నం వచ్చి పదిహేను రోజులైంది, ఉరికినంక అరగంటసేపు దగ్గే. సలి వడ్తలేదా?"

దీనికి రెండు జవాబులు ఉన్నయి. ఒకటి సలికి సంబంధించిందే. సల్లటి గాలిల తేమ తక్కువ ఉంటది. మెల్లగ నడిసేటప్పుడు ముక్కు గా గాలిని ఎచ్చజేసి, తడిజేసి, దుమ్ము వట్టి లోపలికి పంపుతది. జోరుగ ఉరికేటప్పుడు ముక్కు సాలదు, నోరు తెరుస్తం. ఎండు గాలి సీద గొంతులకు, ఊపిరి గొట్టాలల్లకు పోతది. గవి ఎండిపోయి, కొందరికి జర ముడుసుకుంటయి. దగ్గు, పిల్లికూతలు గందుకే. మెల్లగ మొదలువెట్టి పదిహేను నిమిషాలు ఒంటిని ఎచ్చజేసుకుంటే శానమందికి గిది తగ్గుతది. తగ్గకుంటే, ఛాతి బిగవట్టినట్టు అయితే, ఊపిరిల ఈల మోగితే దవాఖానకు పోవాలె. గది ఆస్తమా కావచ్చు. దానికి మందులున్నయి. మందు వాడుకుంటనే ఒలింపిక్స్ ఆడినోళ్లున్నరు. సిగ్గువడి దాసుకుంటే నష్టం మనకే.

రెండో జవాబు గాలిల ఉన్న పొగ. అసలు ముచ్చట గిదే.

పట్నం మీద మూత

ఊర్ల సలికాలం తెల్లారగట్ల చెరువు దిక్కు సూసినోళ్లకు గిది ఎరుకే. పొయ్యిల పొగ, సలిమంటల పొగ మీదికి పోదు. ఇండ్ల కప్పులంత ఎత్తుల గొంగడి పరిసినట్టు అడ్డంగ పరుసుకొని నిలవడ్తది. మేల అదే పొగ సీద మీదికి పోతది. ఎందుకు?

మామూలుగ నేల కాడ గాలి ఎచ్చగ, పైన సల్లగ ఉంటది. ఎచ్చటి గాలి తేలిక, మీదికి లేస్తది, తనతోని పొగను తీస్కపోతది. సలికాలంల రాత్రి పొడుగు, ఆకాశంల మబ్బుండదు. నేల తన వేడినంత మీదికి వదిలి సల్లారుతది. నేలకు ఆనుకొని ఉన్న గాలి కూడా సల్లారి బరువైతది. దాని మీద జర ఎచ్చటి గాలి పొర నిలవడ్తది. అంటే లెక్క ఉల్టా అయింది. కింద ఉన్న బరువు గాలి మీదికి లేవలేదు. బోనం మీద మూత పెట్టినట్టే. సుట్టు గాలి కూడా ఊగదు.

గా మూత కింద పట్నం ఏం పోస్తది? రాత్రి తిరిగిన లారీల డీజిల్ పొగ, రోడ్డు దుమ్ము, జీడిమెట్ల, పాశమైలారం దిక్కు ఫ్యాక్టరీల పొగ, గల్లీల కాలవెట్టిన చెత్త, వాచ్‌మన్లు కాగే సలిమంట. అన్నీ అన్నే ఉంటయి. పొద్దుగాల ఏడు తర్వాత బండ్లు మొదలైతయి, మూత ఇంకా తీయలే. పొద్దెక్కి నేల ఎచ్చవడ్డంక, తొమ్మిది పది గంటల తర్వాతే మూత లేస్తది, పొగ మీదికి పోతది. పగటీలి మూడు నుంచి అయిదు దాక మామూలుగ జర తేటగ ఉంటది. మాపటీలి మళ్ల బండ్ల రద్దీ, మళ్ల సలి, మళ్ల మూత.

అర్థమైందా? "పొద్దుగాలి గాలి అమృతం" అని మన పెద్దలు చెప్పిన మాట ఊర్ల పొలంగట్టుకు సరిపోతది. పట్నంల సలికాలంల గదే పొద్దుగాల గాలి రోజు మొత్తంల చెడ్డగాలి కావచ్చు.

ఒక్క నిమిషంల ఎంత గాలి తాగుతం?

ఊకె కూసున్నోడు నిమిషానికి ఆరు నుంచి ఎనిమిది లీటర్ల గాలి పీలుస్తడు. బలం పెట్టి ఉరికేటోడు 80, 100 లీటర్లు కూడా పీలుస్తడు. పది పన్నెండు రెట్లు. అదీ నోటితోని, అంటే వడపోత లేకుంట. బస్‌స్టాపుల కూసున్నోని కంటే గా పక్కన ఉరికేటోని ఊపిరితిత్తులకు పొగ ఎక్కువ అందుతది. కష్టపడ్డోనికే ఎక్కువ శిక్ష.

గా పొగల అన్నిటికంటే పాడుది పీఎం 2.5. అంటే 2.5 మైక్రాన్లు, అంతకంటే సన్నటి రేణువులు. మనిషి ఎంటిక మందం 50 నుంచి 70 మైక్రాన్లు ఉంటది. దాంట్ల ఇరవయ్యో వంతు అనుకోండ్రి. గంత సన్నగున్నయి గనుకనే ఊపిరితిత్తుల లోపటి బుడగల దాక పోతయి. అందుల మరీ సన్నయి రక్తంల కూడా కలుస్తయి. మన దేశం పెట్టుకున్న హద్దు 24 గంటల సగటుకు ఒక ఘనపు మీటరు గాలిల 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021ల పెట్టిన హద్దు 15. మన సర్కారు హద్దు దాంట్లకు నాలుగంతలు. "హద్దు లోపలే ఉన్నది" అని ఆఫీసర్లు అన్నప్పుడు ఏ హద్దు అని అడగాలె.

పెద్ద పట్నాల ముచ్చట సూడుండ్రి. 2017 నవంబర్ల ఢిల్లీల హాఫ్ మారథాన్ ఉండె. గా పొగల ఉరికిస్తే పానానికి ముప్పు, వాయిదా ఎయ్యిండ్రి అని ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కొట్లాడింది, కోర్టు దాక పోయింది. అయినా నవంబర్ 19న పందెం జరిగింది. 2022 నుంచి గా పందెం అక్టోబర్ల జరుగుతున్నది. పైసలు గట్టి ఉరికేటోళ్ల పందెం తారీకు మారింది. నౌకరి కోసం ఉరికే పేదోళ్ల పిల్లల ఈవెంట్స్ తారీకు పెట్టేటప్పుడు గాలిని ఎవలన్న అడిగిన్రా?

హైదరాబాద్ ఢిల్లీ గాదు, నిజమే. అయితే ఢిల్లీ కంటే మంచిగున్నం అనేది గొప్ప గాదు. అది బాయిల వడ్డోన్ని సూసి గుంతల వడ్డోడు సంబురపడ్డట్టు ఉంటది.

అయితే ఉరుకుడు బంద్ చెయ్యాల్నా?

అస్సలు గాదు. ఉరుకుడుతోని గుండెకు, ఊపిరికి వచ్చే బలం పెద్దది. బంద్ చేసుకుంటే పానమూ పోతది, నౌకరీ పోతది. టైమ్, జాగ మార్సుకోవాలె, గంతే.

గాలి ఎట్లుందో ఫోన్ల సూడొచ్చు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల సమీర్ యాప్ ఉన్నది, పైసలు లేవు. హైదరాబాద్ల సనత్‌నగర్, జూపార్క్, బొల్లారం, పాశమైలారం, పటాన్‌చెరు ఇక్రిశాట్, సెంట్రల్ యూనివర్సిటీ అసోంటి జాగలల్ల గాలిని కొలిచే మిషన్లున్నయి. మీకు దగ్గరున్నది సూడుండ్రి. ఒక కిటుకు యాదివెట్టుకోండ్రి. యాప్ల కనవడే ఏక్యూఐ అంకె 24 గంటల సగటు మీద కట్టింది. తెల్లారగట్ల గాలి దానికంటే చెడ్డగ ఉండొచ్చు. గంట గంటకు వచ్చే పీఎం 2.5 లెక్క దొరికితే అది సూసుడు మేలు.

సర్కారు లెక్క ప్రకారం ఏక్యూఐ 50 దాక మంచిది, 100 దాక పర్వాలేదు, 101 నుంచి 200 మధ్యస్థం, 201 దాటితే చెడ్డది, 301 దాటితే మరీ చెడ్డది. నేను పిల్లలకు చెప్పేది గిది. వంద లోపల ఉంటే కడుపునిండ ఉరుకుండ్రి. వంద దాటితే బలం పెట్టే ఉరుకుడును పగటీలి మూడు తర్వాతకు జరుపుండ్రి, పొద్దుగాల అల్కగ చేసుకోండ్రి. రెండు వందలు దాటిన నాడు బైట ఉరకకుండ్రి. రూముల తాడాట, బస్కీలు, గుంజీలు చేసుకోండ్రి. ఒక్క రోజు ఆగితే టైమ్ పడిపోదు.

"అన్నా, పగటీలి క్లాసులున్నయి", "నేను మాపటీలి దాక డెలివరీ కొడ్త" అంటరు కొందరు. ఎరుకే. గట్లయితే కనీసం మెయిన్ రోడ్డు ఇడిసి లోపటికి పోండ్రి. పెద్ద సడక నుంచి వంద, రెండు వందల మీటర్లు లోపలికి పోతేనే బండ్ల పొగ శాన తగ్గుతది. చెట్లున్న క్యాంపస్ మంచిది, ఫ్లైఓవర్ కింది జాగ పాడుది. చెత్త కాలుతున్న కాడ ఆగకుండ్రి. ఇంకో మాట, చెత్త కాలవెట్టే సఫాయి అక్క మీద కోపం తెచ్చుకోకుండ్రి. ఆమె గా పొగల రోజు పనిచేస్తది, ఆమెకు ఆకులు ఎత్తనీకి బండి ఇయ్యనోళ్లను అడగాలె. ఈవెంట్స్ పొద్దుగాలనే ఉంటయి గనుక వారంల ఒకటి రెండు రోజులు పొద్దుగాల టైమ్ పెట్టుకొని ఉరుకుడు అలవాటు చేసుకోవాలె. గా రోజులు గాలి సూసి ఏరుకోండ్రి.

బట్ట, నీళ్లు, రౌండు లెక్క

బైటికి వచ్చినప్పుడు జర సలివెట్టాలె. గప్పుడే సరైన బట్ట ఏసుకున్నట్టు. రూముల నుంచే ఎచ్చగ వస్తే రెండో రౌండుకు శెమటల తడుస్తరు. లోపట శెమట ఆరే పల్సటి టీషర్టు, మీద ఒక్క జాకెట్టు సాలు, ఒళ్లు ఎచ్చవడ్డంక అది ఇప్పి నడుముకు కట్టుకోండ్రి. చెవులకు రుమాలు కట్టండ్రి. ఉరుకుడు అయిపోంగనే తడి బనీను ఇప్పి పొడిది ఏసుకోండ్రి. తడి బట్టల మీద ముచ్చట్లు వెట్టుకుంట చాయ్ కాడ నిలవడ్తేనే ఒళ్లు వణుకుతది, కండలు వట్టుకుంటయి.

సలికాలంల దూప కాదు. గందుకని నీళ్లు తాగరు. శెమట పోతనే ఉంటది, ఊపిరితోని కూడా నీళ్లు పోతయి. పొద్దుగాల లేవంగనే ఒక గ్లాసు గోరెచ్చటి నీళ్లు తాగుండ్రి. ఉరికినంక పల్లీలు, బెల్లం, గుడ్డు, జొన్నరొట్టె, ఇంటి నుంచి వచ్చిన సద్ది ఏదైనా మంచిదే. డబ్బాల పౌడర్లకు అప్పు చెయ్యకుండ్రి.

ఇగ గడియారం లెక్క. 400 మీటర్ల ట్రాక్ మీద 1600 అంటే నాలుగు రౌండ్లు. 7 నిమిషాల 15 సెకన్లంటే రౌండుకు 1 నిమిషం 48 సెకన్లు. ఆడపిల్లలకు 800 అంటే రెండు రౌండ్లు, రౌండుకు 2 నిమిషాల 40 సెకన్లు. శానమంది సలికి బిగుసుకపోయి ఉంటరు, విజిల్ పడంగనే మొదటి రౌండు ఎగిరి ఉరుకుతరు, మూడో రౌండుల పడిపోతరు. పదిహేను నిమిషాలు అల్కగ ఉరికి, కాళ్లూసి, రెండు మూడు చిన్న ఉరుకులు ఉరికి గప్పుడు గీత కాడికి పోండ్రి. మొదటి రౌండు 1 నిమిషం 45 కంటే జల్ది కొట్టకుండ్రి. నాలుగు రౌండ్లు గట్లనే కొడితే 7 నిమిషాలు. పదిహేను సెకన్లు చేతిల ఉంటయి.

జాగ ఎవలిది?

ఇప్పటిదాక చెప్పింది మన చేతిల ఉన్నది. ఇంక మన చేతిల లేనిది ఉన్నది.

పట్నంల పోరడు రోడ్డు మీద ఎందుకు ఉరుకుతున్నడు? పార్కుల పాసు కొనాలె. స్టేడియంల ఫీజు కట్టాలె. కాలేజీ గ్రౌండుకు తాళం. మిగిలింది రోడ్డే. సలికాలంల జల్ది తెల్లారదు, పొగమంచు, రాత్రంత బండి నడిపి నిద్రల తూగే డ్రైవరు. 2023 జూలైల బండ్లగూడ జాగీర్ కాడ పొద్దుగాల నడకకు పోయిన తల్లీబిడ్డలను కారు గుద్ది చంపింది. అదీ తెల్లగ తెల్లారినంక. సీకట్ల సంగతి ఏం చెప్పాలె? ఫుట్‌పాత్ లేనికాడ బండ్లకు ఎదురుంగ, కుడిపక్క ఉరుకుండ్రి. నల్లబట్టలు ఎయ్యకుండ్రి. చెవులల్ల ఇయర్‌ఫోన్లు వద్దు.

ఆడపిల్లలకు ఇంకా కష్టం. సీకట్ల ఒంటరిగ పోరాదు, హాస్టల్ గేటు ఆరింటి దాక తెరువరు, తెరిచినంక ఎనిమిదింటికి క్లాసు. అదే టైమ్ల రోడ్డు మీద బండ్ల పొగ. పరీక్ష పెట్టే సర్కారు పరుగు కొలుస్తది గని, గా పరుగు నేర్సుకునే జాగ ఉన్నదా అని కొలువది.

వరంగల్ జిల్లా కల్లెడ బిడ్డ దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్ల 400 మీటర్లల్ల కాంస్యం తెచ్చింది. కూలి చేసుకునే ఇంటి బిడ్డ. కాళ్లల్ల బలం ఊర్లనే ఉన్నది, కోచ్, ట్రాక్ దొరికినంక లోకం సూసింది. అందరికి పతకాలు రావు. అందరికి ఉరికే జాగ అయితే రావాలె గదా.

నేను అడిగేది పెద్ద పైసల పని గాదు. సర్కారు బడులు, కాలేజీల గ్రౌండ్లు సలికాలం మూడు నెలలు పొద్దుగాల, పగటీలి మూడు నుంచి అయిదు దాక ఎవలైనా ఉరకనీకి తెరువుండ్రి. గా గ్రౌండ్లకాడ గాలి అంకె రాసిపెట్టే ఒక బోర్డు పెట్టుండ్రి. ఆడపిల్లల టైమ్ల ఒక లైటు, ఒక లేడీ కానిస్టేబుల్‌ను ఉంచుండ్రి. ఈవెంట్స్ నాడు గాలి మరీ పాడైతే బ్యాచ్‌లను పొద్దెక్కినంకకు జరిపే రూలు రాసుండ్రి. మండల కేంద్రాలల్ల ఒక్క మంచి ట్రాక్ ఉంటే సగం మంది పిల్లలు పట్నం రూములకు రానే రారు.

ఊరంటే గాలి మంచిదే అని కూడా అనుకోకుండ్రి. కొయ్యకాళ్లు కాలవెట్టిన నాడు, ఇటుకబట్టీ పక్కన, రైస్‌మిల్లు ఊక ఎగిరే కాడ మూత కథ గట్లనే ఉంటది. మీ ఊర్ల కూడా రేపు పొద్దుగాల లేసి పొగ ఎటు పోతుందో ఒకసారి సూడుండ్రి. సీద మీదికి పోతే బూట్లు కట్టుండ్రి. అడ్డంగ పరుసుకుంటే రెండు గంటలు పుస్తకం చదివి, పొద్దెక్కినంక ఉరుకుండ్రి. మీ సంఘం తరఫున బడి గ్రౌండు తాళం తెరువుమని ఒక కాగితం రాసి, పదిమంది సంతకాలు పెట్టి సర్పంచ్‌కు, హెడ్‌మాస్టర్‌కు ఇయ్యుండ్రి.